పౌర్ణమికి కనబడని పిల్ల

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నీల వంటింటి గుమ్మంలో నిలబడి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, మా ఆటలో ఒకడిని తోడేలు మనిషి కరిచినాడు. ఇంక ప్రతి పౌర్ణమికీ వాడూ తోడేలైపోతాడు. ఆ సంగతి వాడొక్కడికే చెప్పాల్నా, అందరికీ చెప్పాల్నా?" హాల్లో బల్ల చుట్టూ దాని స్నేహితులు, ఇద్దరు మగపిల్లలూ ఒక ఆడపిల్లా, పాచికలు గలగలలాడిస్తూ కూర్చున్నారు. నెలకు రెండు ఆదివారాలు ఇదే తంతు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు, వాళ్ళు ఏం చేస్తారో నోటితో చెబుతారు, అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. మా ఇంట్లో కథ నడిపేది నీల. ఆట మొదలుపెట్టే ముందు అందరినీ కూర్చోబెట్టి మీకు ఏది ఇష్టం, ఏది వద్దు అని అడుగుతుంది. కరిపించుకోవడం ఇష్టమేనా అని కూడా అడుగుతుందట. నేను ఉల్లిపాయలు తరుగుతూ అవన్నీ వింటూనే ఉంటాను. ఇంత మంచితనం మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

"ఆలోచించి చెబుతాలే" అన్నాను. అది వెనక్కి తిరిగి, అందరూ వినేట్టుగా, "అట్లనే ఆ వేడినీళ్ళ సంచి కూడా ఇయ్యమ్మా, పీరియడ్స్, నడుము లాగేస్తా ఉండాది" అంది. వెంటనే ఒక మగపిల్లాడు లేచొచ్చి "నేను పడతానులే ఆంటీ" అని కేటిల్లో నీళ్ళు పోశాడు. ఆ అబ్బాయి మొహంలోకి నేను పరీక్షగా చూశాను. తల దించుకుంటాడేమో, నవ్వు ఆపుకుంటాడేమో అని. ఏమీ లేదు. చక్కెర డబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా సంచి మూత ఎక్కడుందని అడిగాడు. నాకు సంతోషం వేసిందని చెబితే అబద్ధమవుతుంది. ముందు కలిగింది అసూయ.

ఎందుకంటే ఆ తోడేలు నాకు పాత పరిచయం. నా పద్దెనిమిదో ఏట అది మా ఇంటి నడవలోకి వచ్చింది. అప్పుడు మేం తిరుపతిలో గుడికి దగ్గరగా ఉన్న ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్ళం. నాయన కొండ మీద ఆఫీసులో గుమాస్తా. తెల్లవారకముందే నుదుట తిరుమణి నామం పెట్టుకుని, కుచ్చెళ్ళు సవరించుకుని, మొదటి బస్సుకు వెళ్ళేవాడు. సాయంత్రం ఆయన తిరిగొస్తే ఆయనతోపాటు ఘాట్‌రోడ్డు పెట్రోలు వాసన, పచ్చకర్పూరం వాసన కలిసి ఇంట్లోకి వచ్చేవి. ఇల్లు నడిపేది మాత్రం అవ్వ, అంటే నాయనకు తల్లి. తడిబట్ట ఆరేసుకుని, దాన్ని మడిగా కర్రతో తీసి కట్టుకుని, పెరుమాళ్ళకు ఆరగింపు అయ్యేదాకా ఎవరినీ దగ్గరకు రానిచ్చేది కాదు. వంటింట్లోంచి సాత్తముదులో, అంటే మా ఇళ్ళ చారులో, మిరియాల ఘాటు వీధి చివరిదాకా వెళ్ళేది కానీ మేము మాత్రం గడప దాటి వెళ్ళకూడదు. ఎవరు ఎవరిని తాకారు, ఎవరి కొంగు దేనికి తగిలింది, పాలవాడి చెయ్యి గిన్నె అంచుకు ఆనిందా లేదా, ఇదే ఆమెకు రోజంతా పని. పోలీసులు దొంగను చూసినట్టు మమ్మల్ని చూసేది. ఆ చూపు కొంత నాకూ అబ్బిందని మా ఆయన అంటూ ఉంటారు.

ఆ ఇంట్లోకి ఆట తెచ్చింది వాసన్న, మా పెదనాయన కొడుకు. మద్రాసులో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతూ ప్రతి శనివారం రైల్లో వచ్చేవాడు. హాస్టల్లో ఎవరి దగ్గరో ఇంగ్లీషు పుస్తకం చూసి, జిరాక్సు తీయించి, బైండు చేయించి తెచ్చాడు. ఇరవై మొహాల పాచిక అందులో బొమ్మగా ఉంది కానీ అలాంటిది తిరుపతిలో యాడ దొరుకుతుంది? పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి, ఇత్తడి చెంబులో పోశాడు. చెంబులో చెయ్యి పెట్టి ఒక అట్టముక్క తీయాలి. పెద్ద అంకె వస్తే అనుకున్నది జరుగుతుంది. ఆడేవాళ్ళం ముగ్గురం. ఒకడు మురళి, నాయనతో పనిచేసే ఆయన కొడుకు, మా వీధివాడే, మా లాంటి ఇల్లే, ఇద్దరక్కల తర్వాత పుట్టినవాడు. రెండోవాడు గోపి. ఐరాల దగ్గర చెరుకు పండించే వాళ్ళబ్బాయి, కాలేజీ కోసం తిరుపతిలో గది తీసుకుని ఉండేవాడు, వాళ్ళింట్లో అందరూ మగపిల్లలే. మూడోదాన్ని నేను, వకుళ.

ఆటలో నా మనిషి పేరు చెంచి. విల్లు పట్టుకుని అడవిలో తిరిగే మనిషి. చెంచి ఎవరినీ అడక్కుండా కొండ ఎక్కేది. వాగు దాటేది. చీకటి పడ్డాక ఊరికి చేరితే సత్రం తలుపు తనే తట్టేది. నేనేమో పక్క వీధిలో ట్యూషనుకు పోవాలన్నా ఎవరో ఒకరు తోడు రావాలి, వచ్చేసరికి ఎంతైందని అవ్వ అడగాలి. వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని. చెంచి అంటే నాకు ప్రాణం.

ఒక ఆదివారం కొండ కనుమలో మా ముగ్గురి మీదా తోడేలు మనిషి పడ్డాడు. కొట్లాట అయ్యాక వాసన్న మమ్మల్ని ఒక్కొక్కరినే పెరట్లోకి పిలిచి చెవిలో చెప్పాడు. నాకు చెప్పింది, "నీకేం కాలేదు. కానీ మిగతా ఇద్దర్లో ఒకర్ని కరిచినాడు. ఎవరినని అడగొద్దు." అందరూ వెనక్కి వచ్చి కూర్చున్నాక నియమం చెప్పాడు. పౌర్ణమి రాత్రి కరిపించుకున్న మనిషి ఆటగాడి చేతిలో ఉండడు. కథ నడిపేవాడి చేతిలోకి పోతాడు. తోడేలై దగ్గర్లో ఎవరుంటే వాళ్ళని చంపుతాడు. ఒప్పుకుని మందు వెతుక్కుంటే అందరూ సాయం చేయవచ్చు. ఒప్పుకోకుండా కథ చివరిదాకా దాచగలిగితే, గెలుపు వాడొక్కడిదే. ఆ చివరి మాట పుస్తకంలో లేదట, వాసన్న సొంతంగా కలిపింది. గోడ మీది కేలండరు చూసి, నిజం పౌర్ణమికి దగ్గర పడే ఆదివారమే ఆటలోనూ పౌర్ణమి అన్నాడు. ఆరోజు నుంచి మా నడవలో ఎవరూ ఎవరినీ నమ్మలేదు.

మొదటి పౌర్ణమి ఆదివారానికి నేను ఆటలో లేను. బయట ఉన్నాను. ఇప్పటి పిల్లలకు ఈ మాట విప్పి చెప్పాలి. నెలలో ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఆడవాళ్ళకు నడవ పక్కన ఒక చిన్న గది ఉండేది. ఒక చాప, ఒక కంచం, ఒక లోటా. అన్నం దూరం నుంచి పెడతారు. దేన్నీ తాకకూడదు, ఎవరికీ తగలకూడదు. ఇత్తడిని తాకితే చింతపండు వేసి తోమితే గానీ అది లోపలికి పోదు. నాలుగో రోజు తలస్నానం చేశాక మళ్ళీ మనుషుల్లో కలుపుకుంటారు. ఇదంతా ఇంట్లో అందరికీ తెలుసు, నోటితో మాత్రం ఎవరూ అనరు. మగపిల్లలు ఆటకు వస్తే అమ్మ గుమ్మంలోనే "వకుళకు తలనొప్పి" అని చెప్పి పంపేది. రాని వాళ్ళ మనిషి ఆ పూట గుడారంలో పడుకున్నట్టు లెక్క. ఆరోజు ఆటలో తెల్లవారేసరికి గొర్రెలు కాసే మనిషి ఒకడు చచ్చిపడి ఉన్నాడట. తలుపు వెనక గోడకు చెవి ఆనించి విన్నాను.

రెండో పౌర్ణమికీ అంతే జరిగింది. నా శరీరానికీ చంద్రుడికీ ఏదో ఒప్పందం కుదిరినట్టు సరిగ్గా ఆ ఆదివారానికే గదిలో పడ్డాను. ఈసారి చచ్చిపోయింది మాకు దారి చూపించే ముసలాయన. మాకందరికీ ఇష్టమైన మనిషి. పై వారం నేను తలంటుకుని వెళ్ళి కూర్చుంటే ముగ్గురూ నన్ను చూసిన తీరు వేరుగా ఉంది. గోపి కొంచెం దూరం జరిగాడు కూడా.

"పౌర్ణమి వస్తే సాలు, వకుళ కనబడదు" అన్నాడు మురళి, అట్టముక్కలు వేళ్ళతో కలుపుతూ. "రాలేదంటే గుడారంలో పడుకున్నట్టు లెక్క గదా. ఆ గుడారంలోంచి ఏది బయటికి పోయిందో ఎవరు చూసినారు?"

"నాకు తలనొప్పి" అన్నాను.

గోపి ఇబ్బందిగా వాసన్న వైపు తిరిగాడు. "అన్నా, నేనొకటి సెప్పాల్నా వద్దా అని ఉండా. ఆరోజు తలనొప్పన్నారు గదా. నేను పోతా పోతా పక్క కిటికీలోంచి సూసినా. వకుళ వారపత్రిక సదువుకుంటా నవ్వుతా ఉండాది. తలనొప్పి ఉండే మనిషి అట్ట నవ్వదు."

గోపి మీద నాకు కోపం రాలేదు. వాడు చూసింది చెప్పాడు. వాడి లెక్క వాడి దగ్గర సరిగ్గానే ఉంది. నేను చూస్తున్నది మురళిని. పెదవి చివర చిన్న నవ్వు, చూసీచూడనట్టు చూసే చూపు. వాసన్నకు కూడా ఇంట్లో సంగతి తెలుసు, కానీ తోడేలు ఎవరో తెలిసినవాడు కనుక నోరు విప్పకూడదు. పైగా చెల్లెలి ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఆయనకు ఏ జన్మలోనూ లేదు. చివరికి మురళే తీర్మానం పెట్టాడు. వచ్చే పౌర్ణమికి ఎవరు కనబడకపోతే వాళ్ళే తోడేలు, తోడేలు మనిషి వెండికే చస్తాడు కాబట్టి గుడారంలోనే వెండి బాణంతో కొట్టేద్దాం. గోపి సరేనన్నాడు. ఇద్దరి మాట ఒకటైతే నియమం ప్రకారం అది ఖాయం. చచ్చిపోయినవాళ్ళకు ఆ కథ ముగిసేదాకా మళ్ళీ చోటు లేదు. వాసన్నకేమో పూనాలో ఉద్యోగం వచ్చేసింది, ఆ కథ ముగిసేసరికి వేసవి దాటుతుంది, ఆయన వెళ్ళిపోతాడు. అంటే చెంచి పోతే నాకు ఇంకో ఆదివారం లేదు.

ఆ రాత్రి కేలండరు ముందు నిలబడి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. మూడో పౌర్ణమి కూడా నా రోజుల్లోనే పడుతోంది. అమ్మతో చెబితే, "ఆటే గదా, పోతే పోనీ. మళ్ళీ తలనొప్పంటా" అంది. ఆమెకు అది ఆటే. నాకు ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. గుడి దగ్గర పూలు కొంటుంటే మురళి వాళ్ళ పెద్దక్క కనబడింది. ఎదురుగా వెళ్ళి "మీ తమ్ముడికి ఈ సంగతులు తెలుసా?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. కనకాంబరాలు కట్టించుకుని వచ్చేశాను. కానీ ఇంటికి నడుస్తుంటే ఆలోచన సాగింది. మా ఇంట్లో అమ్మా, నేనూ. వాళ్ళింట్లో ఇద్దరక్కలు, అమ్మ. అదే వీధి, అదే ఆచారం, అలాంటిదే ఒక చిన్న గది. నెలలో ఎన్ని రోజులు ఆ గది తలుపు మూసి ఉంటుందో వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మూడో పౌర్ణమి ఆదివారం వచ్చింది. గదిలో చాప మీద ఉన్నాను. అమ్మ గుమ్మంలో తలనొప్పి అని చెప్పడం వినబడింది. చెప్పులు విడిచిన చప్పుడు, అట్టముక్కలు చెంబులో పోసిన చప్పుడు. "ఇంకేముంది, కనబడలేదు గదా. బాణం తీయి గోపీ" అన్నాడు మురళి. అప్పుడు నేను లేచి నడవలోకి తెరుచుకునే తలుపు తీశాను. గడప దాటలేదు. చాప లాక్కుని గడపకు ఇవతలే కూర్చున్నాను.

"కనబడినా" అన్నాను.

మురళి ముందుగా తేరుకున్నాడు. "తలనొప్పి తగ్గిందా?"

"తలనొప్పి కాదు. నేను బయట ఉండా. మూడు రోజులు ఎవరినీ తాకకూడదు, అందుకే రాలేదు. పోయిన పౌర్ణమికీ ఇదే, దాని ముందుదానికీ ఇదే."

వాసన్న చెవులు ఎర్రబడ్డాయి, జిరాక్సు పుస్తకంలో మొహం దాచుకున్నాడు. గోపికి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తల దించుకుని, "నాకు తెలీదక్కా" అన్నాడు. నాకంటే ఏడాది పెద్దవాడు, ఆ ఒక్కసారే నన్ను అక్కా అన్నాడు.

"వానికి తెలీదు. నీకు తెలీదా మురళీ?" అన్నాను. "మీ ఇంట్లో ఇద్దరక్కలుండారు. తెలిసే గదా నన్ను తోడేలంటా వచ్చినావు. నోరు విప్పి చెప్పుకోలేదులే అనుకున్నావు. తోడేలెవరో నీకు నిజంగా తెలీకపోతే, నేను కాదని తెలిసినాక ఇంకెవరో అని వెతికేవాడివి. నువ్వు వెతకలేదు. వెతికే పని నీకు లేదు."

వాసన్న పుస్తకం మీంచి కళ్ళెత్తకుండా, "గోపీ, బాణం ఎవరి మీద?" అని అడిగాడు. గోపి మురళి వైపు వేలు చూపించాడు. నేనూ చూపించాను. ఇద్దరి మాట ఒకటైంది. విల్లు చెంచిది కనుక అట్టముక్క నేనే తీయాలి. గోపి చెంబును నెమ్మదిగా గడప దాకా జరిపాడు. నేను చెయ్యి చాచేసరికి మురళి వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "అవ్వా! వకుళ చెంబు తాకతా ఉండాది!"

అవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మడిచీర కొంగు నడుముకు దోపుకుని, ముందు చెంబును చూసింది, తర్వాత నన్ను, తర్వాత మురళిని. మురళి మీదే చాలాసేపు నిలిచింది ఆ చూపు. ఇంక అయిపోయింది అనుకున్నాను.

"తాకనీ" అంది అవ్వ. "ఇంట్లో చింతపండుండాది."

చెంబులో చెయ్యి పెట్టాను. నాకొచ్చింది పదిహేడు. వాసన్న "తగిలింది" అన్నాడు, "తోడేలు మురళే" అన్నాడు. గోపి ఎగిరి గంతేశాడు. మురళి లేచి చెప్పులేసుకుని ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. మరునాడు వాళ్ళమ్మ వచ్చి మా అమ్మతో గుమ్మంలో గుసగుసగా చాలాసేపు మాట్లాడింది. సాయంత్రం నాయన కొండ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను తిట్టకుండా కొట్టకుండా, "ఇంక ఆటలు చాలు" అన్నాడు. చెంబు ముట్టుకున్నందుకు కాదు. మగపిల్లల ముందు ఆ మాట నోటితో అన్నందుకు. గెలిచిన ఆటే నాకు ఆఖరి ఆట అయింది. ఆ బాధ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇదంతా నీలకు చెప్పాను, దాని స్నేహితులు వెళ్ళిపోయాక. అది మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని విని, "మురళి అంకుల్‌కు నిజంగా తెలుసా అమ్మా?" అంది. చిత్తూరులో ఒక పెళ్ళిలో ఆయన కలిసినప్పుడు నేనూ అడిగాను. జుట్టు నెరిసి, పట్టుపంచెలో పెద్దమనిషిలా ఉన్నాడు. "ఒట్టు వకుళా, అప్పుడు నాకు తెలీదు. మా ఇంట్లో కూడా అక్కలకు తలనొప్పనే చెప్పేవాళ్ళు" అన్నాడు. నవ్వు మాత్రం పెదవి చివర అదే నవ్వు. నేను నమ్మలేదు. ఇప్పటి పిల్లలకు ఈ అనుమానం అక్కర్లేదు. ఎవరికి ఏం నొప్పో బల్ల దగ్గరే చెప్పేసుకుంటారు, ఎవరిని కరవాలో అడిగి కరుస్తారు. మంచిదే. అయినా ఆ బల్ల చుట్టూ ఉన్న మొహాలను ఇప్పటికీ నేను ఒక్కొక్కటిగా చూసుకుంటూనే ఉంటాను. అందరూ అన్నీ చెప్పేసే చోట కూడా ఒకరెవరో చెప్పనిది దాచుకుని ఉంటారని నా గట్టి నమ్మకం. వాళ్ళ ఆటలో కరిపించుకున్నవాడిని చివరికి ఏం చేయాలని నీల అడిగితే, నాకు తోచింది కాక అవ్వ అన్నది చెప్పాను.

ఆట ఆగిపోయిన తర్వాతి నెల. మళ్ళీ గదిలో ఉన్నాను. మధ్యాహ్నం ఆరగింపు, భోజనాలు అయ్యాక అవ్వ పీట తెచ్చుకుని నా గడపకు ఎడంగా వేసుకుని కూర్చుంది. గదిలో ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ అటువైపు వచ్చేది కాదు. చింతపండు గింజలు తీస్తూ, నా వైపు చూడకుండా, "ఆ చెంచి తర్వాత యాడికి పోయింది?" అంది. పూజగదిలో జపం చేసుకుంటూ అన్ని ఆదివారాలూ విన్నదన్నమాట. ఆట నాయన ఆపేశాడు కదా అన్నాను. "మీ నాయన ఆపింది ఆ మగపిల్లోళ్ళను. నీ నోరు ఆపలేదు గదా. చెప్పు" అంది. నేను మొదలుపెట్టాను. తోచింది తోచినట్టు అల్లుకుంటూ పోయాను. కథలోకి కొత్త మనిషి ఎవరొచ్చినా ఆమెకు అనుమానమే. సత్రం ఆవిడ మంచిది కాదంది. పడవవాడి మాట తేడాగా ఉందంది. కొంతసేపటికి గింజలు తీయడం ఆపి అడిగింది.

"అది సరే. ఆ కరిపించుకున్నోణ్ణి ఎందుకు చంపినారే? వాడేం కావాలని కరిపించుకున్నాడా? నెలకు మూడు దినాలు పక్కన కూర్చోబెట్టి, నాలుగోనాడు తలకు పోసి లోపలికి పిలుచుకుంటే సరిపోయేది గదా."

నాకు నవ్వు రాబోయి కోపం వచ్చింది. అంత సులువుగా అనేసింది. ఆ చాప, ఆ లోటా, ఆ మూసిన తలుపు నా ముందే ఉన్నాయి. "పక్కన కూర్చోవడం ఎట్లుంటాదో నీకేం తెలుసవ్వా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

అవ్వ చేతిలో ఉన్న చింతపండును చాటలో పెట్టింది.

"నీకంటే చిన్నప్పట్నించీ కూర్చున్నా" అంది. "ఈ గదిలోనే. నాకు తెలీదా?"

తర్వాత పీటను కొంచెం ముందుకు జరుపుకుంది. తాకేంత దగ్గరకు కాదు.

"ఊఁ, చెప్పు" అంది.